సత్యవ్వ ఇంటి గోడ

ఆ ఏడు బతుకమ్మకు బస్సుల్లేవు. బస్సులు ఆపినవాళ్లలో మా అబ్బా ఒకడు, బస్సుల్లేక ఇంటికి పోలేకపోయినదాన్ని నేను. తలుచుకుంటే నవ్వొచ్చేది. కాకపోతే ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన మనిషి ఉండేది కాదు.

మాది జగిత్యాల. అబ్బా పేరు హబీబుద్దీన్, అక్కడి డిపోలో డ్రైవరు. నా పేరు సుమయ్యా. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, కోరుట్ల శివారులో కొత్తగా కడుతున్న రైల్వే స్టేషన్ దగ్గర సైటు సూపర్‌వైజరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పొద్దున అబ్బా బస్సులోనే పోయేదాన్ని, సాయంత్రం అబ్బా బస్సులోనే వచ్చేదాన్ని. సైటు ముందుకు రాగానే ఆయన హారన్ ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా కొట్టేవాడు. అక్కడ స్టాపు లేదు. ఉన్నట్టే ఆపేవాడు. "మేడం దిగుతది, జర జరుగున్రి" అనేవాడు జనంతో. ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం గానీ ఖాకీ చొక్కా తొడిగితే నాతో కూడా అబ్బా నోట తెలుగే వచ్చేది. డ్యూటీ అంటే డ్యూటీ ఆయనకు.

ఇక ఆ స్టేషన్ సంగతి. అక్కడ రైలు కట్ట ఇంటెత్తున పోతుంది. ఊరు కట్టకు ఇటువైపు, ఖాళీ జాగా అటువైపు. అందుకని ప్లాట్‌ఫారం కట్ట మీద, టికెట్ల హాలు, జనం కూర్చునే చోటు, అవతలికి పోయే దారి మాత్రం కట్ట కింద, భూమి లోపల వచ్చేటట్టు గీశారు. మెట్లు దిగి లోపలికి పోవాలి, టికెట్ కొనుక్కుని మళ్లీ మెట్లెక్కి రైలు అందుకోవాలి. కోరుట్ల జనం దానికి అప్పుడే బొంద స్టేషన్ అని పేరు పెట్టేశారు. "బతికుండంగనే బొందల దిగుమంటరా మేడం?" అని చాయ్ హోటల్లో నన్ను ఏడిపించేవాళ్లు.

స్టేషన్ చుట్టూ రాబోయే పేటకు నక్షా గీసే పని కూడా మాదే. ఆటోల అడ్డా ఎక్కడ, కూరగాయల అంగడి ఎక్కడ, మురుగునీటి కాలువ ఎటు వంపు, ఇళ్ల వరసలు ఎటు ముఖం. ఇంజనీరు సారు చెప్పేవాడు, గీతలు నావి. చెట్లకు ఆకుపచ్చ పెన్సిలు దిద్దడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. లేని పేటలో, లేని చెట్ల నీడన, లేని మనుషులను నేను రోజూ కూర్చోబెట్టేదాన్ని.

ఉన్న మనిషి మాత్రం ఒక్కతే, సత్యవ్వ. మేం తవ్విన గుంత అంచున ఆమె ఇల్లు. మట్టి గోడలు, పైన పెంకులు. పెనిమిటి దశరథం పోయి చాలా ఏళ్లయింది. ఆయన నేసిన గుంట మగ్గం మీద ఆమె ఇప్పటికీ తువ్వాలలు నేస్తుంది. గుంట మగ్గమంటే తెలుసు కదా, నేలలో గొయ్యి తీసి, కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుని నేస్తారు. బిడ్డ రాధికను సిరిసిల్లలో ఇచ్చింది. అల్లుడు అక్కడ పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తాడు.

భూమి లోపల కట్టే పనికి నీళ్లే గండం. మా గుంతలో మూడు వైపులా సిమెంటు గోడ లేచింది. సత్యవ్వ ఇంటి వైపు గోడ మాత్రం ఇంకా లేవలేదు. దుంగలు ఆనించి, ఇసుక మూటలు పేర్చి ఆపాం. పొద్దున, సాయంత్రం పంపు పెట్టి నీళ్లు తోడాలి. తోడకపోతే అంచు నాని జారుతుంది. అంచు జారితే సత్యవ్వ ఇల్లు దానితోపాటే వచ్చి గుంతలో పడుతుంది. ఇందులో దాచిపెట్టేదేమీ లేదు, సైటులో అందరికీ తెలుసు. సత్యవ్వకు కూడా తెలుసు.

సకల జనుల సమ్మె రేపటి నుంచి అనగా ఆ సాయంత్రం అబ్బా బస్సు వచ్చింది. పొడుగు హారన్, పొట్టి హారన్. నేను సంచీ లేకుండా కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాను.

"ఎక్కు బిడ్డా. గిదే ఆఖరి బండి. రేపటి సంది ఒక్కటి కదలది."

"నేను రాను అబ్బా. కూలోళ్లందరు పోయిన్రు. సారు హైదరాబాద్ పోయిండు. పంపు కొట్టెటందుకు ఎవ్వలు లేరు."

"పంపా?" అబ్బా ఇంజను ఆపేశాడు. ఇంజను ఆపాడంటే కోపం వచ్చిందని అర్థం. "సమ్మె అంటె అందరిది. ఆఫీసులల్ల అటెండర్లు సుత చెయ్యి లేపిన్రు. రేపు నేను డిపో ముంగట మైకు పట్టుకోని మాట్లాడాలె. నా బిడ్డ కంట్రాక్టరు పంపు తిప్పుతున్నదంటె ఏం మొఖం పెట్టుకోని మాట్లాడాలె?"

"కంట్రాక్టరు కోసం కాదు. గా అవ్వ ఇల్లు కూలుతది."

"గది ఆయన చూసుకుంటడు. తవ్వినోడు ఆయన."

"ఆయన చూస్తలేడు అబ్బా."

వెనక సీట్లలో జనం గొణుగుతున్నారు. కండక్టరు బెల్లు కొట్టాడు. అబ్బా నా వైపు ఇంకొంచెంసేపు చూసి, ఇంజను స్టార్టు చేసి, వెళ్లిపోయాడు. హారన్ కొట్టలేదు. నేనూ జై తెలంగాణ అన్నదాన్నే. కాలేజీలో రోడ్డు మీద కూర్చుని వంటావార్పులో అన్నం తిన్నదాన్నే. ఆ మాట ఆయనకు చెప్పే వ్యవధి కూడా దొరకలేదని చాలా బాధపడ్డాను.

*

సత్యవ్వ ఇంట్లోనే నా మకాం. అమ్మీ ఫోన్‌లో, "ఆ అవ్వ మంచిదేనా? తలుపుకు గొళ్లెం ఉందా?" అని అడిగి, ఉందంటే సరేనంది. అబ్బాకు ఇస్తావా అంటే, "సమ్మె శిబిరంలో ఉన్నారు" అంది. ప్రతిసారీ అదే జవాబు.

బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు పోతూ వస్తూ ఉండేది. రోడ్డు మీద చీమ చిటుక్కుమన్నా వినిపించేది. అంత నిశ్శబ్దంలో నా డీజిల్ పంపు ఒక్కటే డుగుడుగుమని ఊరంతా వినబడేటట్టు మోగేది. హ్యాండిల్ తిప్పి దాన్ని లేపడానికి నాకు మొదట్లో చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే ఆ పంపు చప్పుడే నాకు తోడు. అది ఆపినప్పుడు ఎంత ఒంటరిదాన్నో తెలిసేది.

ఒక మధ్యాహ్నం సత్యవ్వ నా నక్షా చూపించమంది. మంచం మీద పరిచాను. వేలు పెట్టి ఒక్కొక్కటీ అడిగింది.

"నా ఇల్లు ఏది?"

"గీ డబ్బా అవ్వా."

"గింతేనా? సరే తీయి. ముంగట గీ పచ్చగున్నది ఏంది?"

"చెట్లు. కూసునేటందుకు బెంచీలు సుత వస్తయి."

"ఎవలు కూసుంటరు? నేను మగ్గంల కూసుంట." నవ్వింది. "మరి రైలు దిగి మా రాధిక సక్కగ ఇంట్లకే వస్తదా?"

"సిరిసిల్ల రైలు లేదు అవ్వా. గిది నిజామాబాద్ దిక్కు పోతది."

సత్యవ్వ నక్షా మీంచి వేలు తీసేసింది. "మరి నా బిడ్డ రానిదానికి గీ బొందంత ఎందుకు తవ్వుతిరి?" అంది. నేను నక్షా చుట్టి పెట్టేశాను.

రాధిక ఫోన్ చేసేది. కరెంటు లేక మగ్గాలు ఆగిపోయాయని, ఆయన ఇంట్లోనే ఉన్నాడని, బస్సుల్లేవు కాబట్టి ఈసారి పండుగకు రావడం కుదరదని చెప్పేది. ఫోన్ పెట్టాక సత్యవ్వ మగ్గంలోకి దిగి, చీకటి పడేదాకా నేసేది. బిడ్డ అత్తవారింట్లో, తల్లి ఇక్కడ. తండ్రి జగిత్యాలలో, కూతురు ఇక్కడ. మేమిద్దరం ఒకరి మనుషుల కోసం ఇంకొకరం ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

పండుగ మొదటి రోజు, ఎంగిలి పూల బతుకమ్మ నాడు ముసురు పట్టింది. ఆపైన వదల్లేదు. నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పంపు ఇప్పుడు రోజులో సగం నడపాలి. అప్పుడు డీజిల్ గుర్తొచ్చింది. డ్రమ్ము తట్టి చూస్తే డొల్లగా మోగింది.

బంకుకు పోయాను. క్యాన్‌లో పొయ్యం అన్నారు. తెలంగాణ కోసం పిల్లలు ఒంటి మీద పోసుకుని కాల్చుకుంటున్న రోజులవి. బంకు అతను నా ముఖం, నా చేతిలోని క్యాన్ మార్చి మార్చి చూసి, "వద్దమ్మా, ఇంటికి పో" అన్నాడు. ఆ చూపు ఎందుకో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తిరిగి వస్తూ దారంతా ఏడ్చాను.

సారుకు ఫోన్ చేస్తే, "ఎట్లాగో మేనేజ్ చెయ్యమ్మా" అన్నాడు. చివరికి కోరుట్ల చౌరస్తాలో సమ్మె శిబిరానికి పోయాను. అక్కడ గణేశ్ ఉన్నాడు. సమ్మెకు ముందు మా పంపు నడిపింది అతనే. ఇప్పుడు మెడలో కండువా, చేతిలో మైకు. మైకు కోసం వాళ్లకు చిన్న జనరేటరు ఉంది, దాని పక్కన డీజిల్ ఉంది.

"అక్కా, నువ్వు పంపు కొడుతున్నా మేం ఏమన్న అన్నమా?" అన్నాడు గణేశ్, నన్ను పక్కకు తీసుకుపోయి. "సప్పుడు రోడ్డు దాంక వస్తున్నది. జనం అడుగుతున్నరు, ఆ పని ఎట్ల నడుస్తున్నదని. నేనే ఆపుతున్న వాళ్లను. కని డీజిల్ అడుగకు. సమ్మె డీజిల్ కంట్రాక్టరు పంపుల పోసిన్రంటె మా అందరి ఇజ్జత్ పోతది."

"సత్యవ్వ ఇల్లు గణేశ్. నీకు తెల్వదా?"

"తెలుసు. అవ్వను మా ఇంటికి రమ్మను. సామాను నేనే మోస్త."

అతను చెడ్డవాడు కాదు. అన్నట్టే వచ్చి అడిగాడు కూడా. సత్యవ్వ కదలనంది. "మగ్గం మీద సగం బట్ట ఉన్నది. బతుకమ్మ తొమ్మిదొద్దులు దీపం పెట్టకుంట ఇల్లు ముయ్యాల్నా? నా ఇంట్ల సంది బతుకమ్మ లేవాలె. బిడ్డ రాకున్నా లేవాలె" అంది. ఎంత చెప్పినా అదే మాట. గణేశ్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మీకి ఫోన్ చేసి, అబ్బాకు ఇవ్వకపోతే ఊరుకోనని పట్టుపట్టాను. అబ్బా గొంతు బొంగురుపోయి ఉంది. రోజంతా మైకులో అరిచే మనిషి కదా.

"డీజిల్ అయిపోయింది అబ్బా. ఎల్లుండికి అంచు జారుతుంది."



"నన్నేం చెయ్యమంటవు? బండి కదిలిచ్చుడా?" అన్నాడు.

"ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. అందుకే చేశాను."

"తెల్వకపోతె ఆ అవ్వను తీస్కోని బయిటికి రా" అని పెట్టేశాడు. ఇంట్లో ఉండి నాతో తెలుగులో మాట్లాడాడు. అంత దూరం పెట్టేశాడా అనుకున్నాను.

*

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే డ్రమ్ములోని చివరి డీజిల్ పంపులో పోశాను. పొద్దెక్కేసరికి పంపు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది.  గుంత అంచున నిలబడి చూస్తే దుంగల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. కింద నీళ్లు మెల్లగా పైకి వస్తున్నాయి.

ఇంట్లోకి పోయేసరికి సత్యవ్వ మగ్గం గొయ్యిలోకి వంగి చూస్తోంది. గొయ్యి అడుగున నీళ్లు నిలిచాయి. ఆమె పాదాలు పెట్టే చోట మట్టి కూడా మెత్తబడింది.

"మా ఆయన ఉన్నప్పటి సంది గీ గుంటల తడి చూడలే" అంది. గొంతులో మొదటిసారి భయం వినబడింది. మగ్గం మీది బట్టను పైకి చుట్టి తాడుతో దూలానికి కట్టింది. ఆ తర్వాత బయటికి పోదాం రమ్మంటే మాత్రం రాలేదు. తాంబాలం ముందు పెట్టుకుని కూర్చుంది. "పూలు తెచ్చిస్తవా బిడ్డా?" అంది.

నేను కట్ట ఎక్కి, బతుకమ్మకు పేర్చే గునుగు పూలు కోశాను. మేం తవ్విపోసిన మట్టి మీద ఆ ఏడు గునుగు విపరీతంగా పూసింది. వానలో తడుస్తూ ఒళ్లోకి కోసుకుంటూ, నేను ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. ఇల్లు కూలబోతుంటే పూలు కోస్తున్నాను. చేతనైన పని ఇంకేదీ మిగల్లేదు మరి.

అప్పుడు సైకిల్ బెల్లు వినిపించింది. ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. సైకిల్ బెల్లును పొడుగ్గా మోగించడం ఎట్లాగో ఆ మనిషికే తెలియాలి.

నేను కట్ట మీంచి జారుకుంటూ దిగాను. సైటు చుట్టూ రేకులు పాతి ఉన్నాయి. ఆ రేకులకు అవతల, రోడ్డు పక్కన అబ్బా నిలబడి ఉన్నాడు. ఎవరిదో పాత సైకిలు. వెనక క్యారేజీకి రబ్బరు ట్యూబుతో కట్టిన పెద్ద క్యాను. జగిత్యాల నుంచి వానలో తొక్కుకుంటూ వచ్చాడు. తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయింది. గడ్డం మాసింది. చిక్కిపోయాడు కూడా.

"గేటు తీసే ఉన్నది. లోపటికి రా అబ్బా."

"రాను. సమ్మెల ఉన్న. పని జాగల కాలు పెట్ట." ట్యూబు విప్పి, క్యాను రేకుల మీదుగా ఎత్తి నాకు అందించాడు. "భద్రం. బరువున్నది."

"ఎక్కడిదిది?"

"ముందుగాల పొయ్యి. మాటలు తర్వాత."

పోశాను. హ్యాండిల్ తిప్పాను. రెండుసార్లు మొరాయించి, మూడోసారి పంపు అందుకుంది. రేకుల అవతల అబ్బా తల వంచి ఆ చప్పుడు వింటున్నాడు. బస్సు ఇంజను వినేటప్పుడు అట్లాగే వింటాడు. పైపులోంచి ఎర్రనీళ్లు ఎగదన్నుకుని కాలువలో పడ్డాక తల ఎత్తాడు.

సత్యవ్వ గుమ్మంలోంచి అంతా చూసి, చాయ్ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఒక విస్తరాకులో రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దలు తెచ్చింది.

"తమ్మీ, తీస్కో. బతుకమ్మకు చేసిన మలీద. సిరిసిల్ల సంది నా బిడ్డ రాకపాయె, నువ్వన్న తిను. మీ ఇండ్లల్ల సుత చేస్తరు గద?"

"చేస్తం అక్కా. ఫాతెహా చదివిచ్చేటప్పుడు." అబ్బా ఒక ముద్ద తిని, మిగతావి జేబురుమాలులో కట్టుకున్నాడు. "ఇంట్ల పెడుత." అక్కడి నుంచే ఆమె ఇంటి గోడను కింది నుంచి పైదాకా చూశాడు. మొదలు నుంచి నడుమెత్తుదాకా తడి ఎక్కి గోడ నల్లగా ఉంది. "ఎండ వస్తె ఆరుతది" అన్నాడు. నాకు చెప్పాడో, సత్యవ్వకు చెప్పాడో.

నాకు ఒక్కసారిగా ఆ సైకిల్ వెనక ఎక్కి కూర్చుని ఇంటికి పోవాలనిపించింది, చిన్నప్పటిలాగా. అడిగితే తీసుకుపోయేవాడేమో. అడగలేదు. ఆయనా రమ్మనలేదు. పంపు నడుస్తోంది కదా, ఇద్దరికీ తెలుసు.

"వాన తెరిపిచ్చినంక రా" అన్నాడు. ఖాళీ క్యాను వెనక కట్టుకుని, వచ్చిన దారినే తొక్కుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం సత్యవ్వ ఇంట్లోంచి బతుకమ్మ లేచింది. "బిడ్డ చెయ్యి పడాలె" అంటూ తాంబాలం ఒకవైపు నాతో పట్టించింది.

*

ఆ క్యాను డీజిల్ వాన తగ్గేదాకా వచ్చింది. దసరా దాటాక ఎండ కాసి, నీటి ఊట తగ్గింది. అంచు నిలబడింది, ఇల్లు నిలబడింది. జీపులో ఇరుక్కుని నేను జగిత్యాల పోయాను. గెలిచినట్టే పోయాను, ఇంటికి పోగానే అబ్బాను పట్టుకుని ఏడవాలని, నవ్వాలని.

మధ్యాహ్నం పూట అబ్బా ఇంట్లోనే ఉన్నాడు. వాకిట్లో స్టూలు మీద కూర్చుని బెల్టు బిళ్లకు పాలిష్ పెడుతున్నాడు. సమ్మె ఇంకా నడుస్తోంది. శిబిరంలో ఉండవలసిన మనిషి ఇంట్లో ఎందుకున్నాడో అర్థం కాక అమ్మీ వైపు చూశాను. అమ్మీ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

ఆ డీజిల్ డిపో ముందు శిబిరంలోని జనరేటరుదట. మైకు, జనరేటరు అబ్బా చేతికిందే ఉండేవి. సద్దుల నాడు అక్కడ ఆడవాళ్లందరూ రోడ్డు మీద బతుకమ్మ ఆడాలని, పెద్ద మీటింగు పెట్టాలని అనుకున్నారట. చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం వచ్చారట. తీరా చూస్తే జనరేటరు లేవలేదు. కరెంటు లేదు. మైకు లేకుండానే ఆడారు, పాడారు, మీటింగు మాత్రం వెనకవాళ్లకు వినబడక చెదిరిపోయింది. అబ్బా సాయంత్రం సైకిలు మీద ఖాళీ క్యానుతో చేరాడు. డీజిల్ ఏదని అడిగితే, "నేనే తీస్కపోయిన. కోరుట్లల కంట్రాక్టరు పంపుల పోసిన" అన్నాడట. అంతే. ఇంకో ముక్క చెప్పలేదట.

"తిట్టారా అమ్మీ?"

"తిట్టినా బాగుండేది" అంది అమ్మీ, కళ్లు తుడుచుకుంటూ. "రేపటి నుంచి మైకు మేం చూసుకుంటాం భాయ్ అన్నారంట. మర్నాడు పోతే పక్కన జాగా ఇవ్వలేదంట ఎవరూ. అప్పటినుంచి పోవడం లేదు. ఆ రోజు మాత్రం రుమాల్లో మలీద తెచ్చారు. ఎవరు చేశారంటే, ఒక అక్క అన్నారు."

నేను వాకిట్లోకి ఉరికాను.

"అబ్బా, నేను డిపోకు పోయి చెప్తా. కంట్రాక్టరు కోసం కాదని, ఒక ముసలావిడ ఇల్లు కూలిపోయేదని చెప్తా. గణేశ్‌తో కూడా చెప్పిస్తా."

"వద్దు" అన్నాడు. బిళ్ల రుద్దడం ఆపలేదు.

"ఎందుకు వద్దు? నువ్వు చేసింది మంచి పనే కదా!"

అప్పుడు బిళ్ల పక్కన పెట్టాడు. ఖాకీ తొడుక్కోలేదు, ఇంట్లోనే ఉన్నాడు, అయినా తెలుగులోనే చెప్పాడు.

"గా డీజిల్ అందరిది బిడ్డా. చందాలేసుకోని కొన్నది. అడుగకుంట తెచ్చిన. అడిగితె వాళ్లు కూసోని మాట్లాడుకుందురు, ఇయ్యాల్నా వద్దా అని. మాట్లాడుకునుడు వాళ్ల హక్కు. గప్పటిదాంక గోడ ఆగది. గందుకే అడుగలే. కని అడుగకుంట తెచ్చుడు తప్పే. ఇల్లు నిలవడ్డదని తప్పు ఒప్పు అయితదా?"

 ఆయన చేసిన దానికి ఆయనే శిక్ష కూడా ఒప్పుకున్నాడు. మధ్యలో నేను చెప్పేదేముంది. ఆ పక్కనే గచ్చు మీద కూర్చున్నాను.  దూరంగా డిపో దిక్కు నుంచి మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. గొంతు కొత్తది. అబ్బా కంటే నెమ్మదిగా, తప్పులు లేకుండా మాట్లాడుతున్నాడు.

*

సమ్మె ముగిసి బస్సులు కదిలిన రోజు నేను సంచీ సర్దుకుని అబ్బాతో బయలుదేరాను. బస్టాండులో ఆయన కోరుట్ల బస్సు ఎక్కలేదు. "సిరిసిల్ల లైను అడిగిన. ఇచ్చిన్రు" అన్నాడు.

"ఎందుకు అబ్బా?"

"ఆ రోడ్డు మంచిగున్నది."

అప్పట్లో ఆ రోడ్డు గుంతలమయం. ఆ సంగతి డిపోలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. కోరుట్ల లైనులో అడుగడుగునా తెలిసినవాళ్లు, ప్రతి స్టాపులో అడిగే నోళ్లు. నేను ఇంకేమీ అడగలేదు. వేరే డ్రైవరు బస్సులో ఎక్కి కూర్చున్నాను. సైటు దాటి చాలా దూరం పోయాక గానీ నేను దిగాల్సిన చోటు వచ్చి పోయిందని తెలియలేదు. అక్కడ స్టాపు లేదు కదా.

కూలీలు తిరిగి వచ్చారు. చలికాలం రాకముందే సత్యవ్వ వైపు సిమెంటు గోడ లేచింది. పంపు పని అయిపోయింది. గణేశ్ నన్ను చూసి తల దించుకుని, ఒకరోజు, "మీ నాయిన పెద్దమనిషి అక్కా" అన్నాడు. "ఆ మాట జగిత్యాల పోయి అను" అందామనుకున్నాను. అనలేదు. అబ్బా వద్దన్నాడు.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. నక్షాలో రేకుల బయట, అబ్బా సైకిలు ఆపిన చోట, బెంచీల పక్కన బస్టాపు గీశాను.

"ఇక్కడెందుకమ్మా? ఆటో అడ్డా దగ్గర పెట్టొచ్చుగా?" అన్నాడు సారు.

"ఇక్కడ మనుషులు దిగుతారు సార్" అన్నాను. ఆయన ఇంకేం అడగకుండా సంతకం పెట్టాడు.

ఒకరోజు సత్యవ్వ మగ్గంలోంచే కేకేసింది. గొయ్యి ఎండి, మళ్లీ కాళ్లు పెట్టుకుని నేస్తోంది.

"బిడ్డా, మా రాధిక ఫోన్ చేసింది. సిరిసిల్ల బస్టాండుల ఒక డ్రైవరు పలకరించిండట. నువ్వు కోరుట్ల సత్యవ్వ బిడ్డవా అని. ఎట్ల ఎరుక పట్టిండో ఏమొ, నా మొఖమే పడ్డది గద దానికి. గప్పటి సంది ఎప్పుడు కనవడ్డా ఒక్కటే అడుగుతడట."

"ఏమని?"

"మీ అమ్మ ఇంటి గోడ ఆరిందా అని."

నేను బయటికి వచ్చి ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది. నల్లమరక ఎక్కడిదాకా ఎక్కిందో ఒక గీత మాత్రం మిగిలింది.

ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నప్పుడు చెప్పాను. "అబ్బా, గోడ ఆరింది."

అబ్బా ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "నేను అడిగానా?" అన్నాడు ఉర్దూలో. చాలా రోజుల తర్వాత ఇంట్లో మాట ఇంటి మాటలా వచ్చింది. అమ్మీ మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఆయన ముద్ద తిన్నాడు, నీళ్లు తాగాడు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, నా వైపు చూడకుండా, "మంచిది" అన్నాడు.

ఆ స్టేషన్‌కు రైలు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చెట్లు మాత్రం నేను గీసిన చోటే పెరిగాయి. బస్టాపు కూడా ఉంది. నేను రోజూ అక్కడే దిగేదాన్ని, అక్కడే ఎక్కేదాన్ని. దూరం నుంచి హారన్ వినబడితే, పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి వస్తాయేమోనని తల ఎత్తేదాన్ని. జగిత్యాల బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. రిటైరయ్యేదాకా అబ్బా సిరిసిల్ల లైను మారలేదు, ఆ స్టాపులో ఒక్కసారి కూడా బస్సు ఆపలేదు.